విశాఖ నుంచి ఖగోళ భౌతిక పరిశోధనకు: ఎం.ఎస్సీ. ఫిజిక్స్ విద్యార్థికి సమగ్ర మార్గదర్శి

విశాఖపట్నంలో ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చదువుతూ పీహెచ్‌డీకి ఖగోళ భౌతిక శాస్త్రాన్ని ఎంచుకోవాలనుకునే విద్యార్థిని మొట్టమొదట ఇబ్బంది పెట్టేవి దరఖాస్తులోని రెండు గడులు: విద్యా నేపథ్యం ఒకటి, పరిశోధనానుభవం మరొకటి. మొదటి గడిని సెమిస్టర్ల వారీ మార్కులతో నింపేస్తారు. రెండోదాన్ని ఖాళీగా వదలడానికి మనసొప్పక, చిన్నప్పటి నుంచీ నక్షత్రాలంటే ఎంత ఇష్టమో రాస్తారు. ఎంపిక చేసేవారికి ఈ రెండింటి వల్లా మీ గురించి తెలిసేది దాదాపు శూన్యం.

పరిశోధనానుభవం అంటే బెంగళూరులోనో పుణేలోనో ఒక వేసవి గడిపి ధ్రువపత్రం తెచ్చుకోవడమే అన్న అభిప్రాయం మన కళాశాలల్లో బలంగా ఉంది. ఎంపిక సంఘం నిజానికి వెతికేది మరొకటి. పెద్ద కుతూహలాన్ని కొలవదగిన చిన్న ప్రశ్నగా కుదించగలరా, ఆ ప్రశ్నకు వచ్చిన సంఖ్యను ఎంతవరకు నమ్మాలో చెప్పగలరా అన్నదే వారు చూస్తారు. దీనికి టెలిస్కోపు అక్కరలేదు, ల్యాప్‌టాప్ ఉంటే ఇంటి నుంచే చేయవచ్చు. ఎలా చేయాలో, చేసినదాన్ని ఎలా రాయాలో ఈ వ్యాసంలో వరుసగా చెబుతాను.

మొదటి మెట్టు: చదివిన పాఠాలను ఆకాశంతో ముడిపెట్టుకోండి

ఖగోళ భౌతికం పేపరు లేదని దిగులుపడే విద్యార్థి తన సిలబస్‌ను సరిగ్గా చదవలేదనే అనుకోవాలి. స్టాటిస్టికల్ మెకానిక్స్‌లో ఫెర్మీ వాయువు పాఠం చదివినవారు శ్వేతకుబ్జ నక్షత్రాన్ని (ఇంధనం అయిపోయి కుంచించుకున్న నక్షత్రపు అవశేషాన్ని) కూలిపోకుండా నిలిపే ఒత్తిడిని చదివినట్టే. ఎలక్ట్రాన్ల వేగం కాంతివేగానికి చేరువైనప్పుడు ఆ ఒత్తిడి సరిపోకుండా పోయే హద్దే సూర్యుడి ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్లుగా చెప్పే చంద్రశేఖర్ పరిమితి. అయనీకరణాన్ని ఉష్ణోగ్రతతో కలిపే సమీకరణాన్ని మేఘనాథ్ సాహా 1920లో ప్రకటించాడు. నక్షత్రాల వర్ణపటాలు ఒకదానితో ఒకటి ఎందుకు పోలవో అర్థమైంది దానితోనే. ఎలక్ట్రోడైనమిక్స్‌లో త్వరణం పొందే ఆవేశం వెదజల్లే వికిరణం చదివితే రేడియో గెలాక్సీలకు దారి దొరుకుతుంది. ఫోరియర్ రూపాంతరం బాగా వచ్చినవారికి పుణే దగ్గరి జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపుల సముదాయంలో, ఒక్కొక్కటి 45 మీటర్ల వ్యాసమున్న 30 యాంటెనాలు కలిసి ఒకే చిత్రాన్ని ఎలా కడతాయో అర్థం చేసుకోవడం కష్టం కాదు.

విశాఖ విద్యార్థులకు వారసత్వంగా వచ్చిన బలం ఒకటుంది, అది వర్ణపట శాస్త్రం. కె. రంగధామరావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో నెలకొల్పిన స్పెక్ట్రోస్కోపీ సంప్రదాయం దేశమంతా పేరు పొందింది. ప్రయోగశాలలో హైడ్రోజన్ దీపం పెట్టి బామర్ శ్రేణిని కొలిచిన రికార్డు మీ దగ్గర ఉంటే దాన్ని అటక మీద పారేయకండి. అక్కడ మీరు 656.3 నానోమీటర్ల దగ్గర చూసిన ఎర్రని గీత, నక్షత్రాల వర్ణపటంలో హెచ్-ఆల్ఫాగా కనిపించే గీత ఒకటే. గ్రేటింగ్‌ను ఎలా సరిచేశారో, కొలతలో దోషం ఎంత వచ్చిందో ఆ రికార్డులో ఉంటే, మీ విద్యా నేపథ్యంలో ఒక మంచి వాక్యానికి సరుకు అప్పుడే సిద్ధంగా ఉన్నట్టు.

ఒక కాగితం తీసుకుని ఎడమవైపు మీరు చదివిన పేపర్లు, కుడివైపు ఒక్కో పేపరు నుంచి ఆకాశంలోని ఏ విషయం అర్థమవుతుందో రాసుకోండి. కుడివైపు ఖాళీగా మిగిలిన పేపర్లను వదిలేయండి, అన్నిటినీ బలవంతంగా అతికించనక్కరలేదు. దరఖాస్తులో వాటి మార్కులు ఎలాగూ ఉంటాయి.

రెండో మెట్టు: పనిముట్లు

పైథాన్ నేర్చుకోండి. నంపై, మ్యాట్‌ప్లాట్‌లిబ్, ఆస్ట్రోపై అనే మూడు లైబ్రరీలు చాలు. లైనక్స్ టెర్మినల్‌కు భయపడనంత అలవాటు కావాలి. పట్టికలతో పని చేయడానికి టాప్‌క్యాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, కోడ్ రాయకుండానే లక్ష వరుసల పట్టికను తెరిచి గ్రాఫులు గీసి చూడటానికి దానికి మించినది లేదు. పరిశోధనా పత్రాలు వెతకడానికి నాసా ఏడీఎస్, చదవడానికి ఆర్కైవ్ ముద్రణపూర్వ భాండాగారం, రెండూ ఉచితమే. వీటికి కోర్సు ధ్రువపత్రాలు పోగు చేయడం వృథా శ్రమ అని నా అభిప్రాయం. ఒక పని పూర్తి చేస్తే ఈ పనిముట్లన్నీ ఆ పనిలోనే చేతికి వస్తాయి.

మూడో మెట్టు: ఒక చిన్న ప్రశ్న, మొదటి నుంచి చివరి దాకా

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. కృష్ణబిలాలు, కృష్ణపదార్థం అంటూ ఆకాశానికి నిచ్చెన వేయకుండా, జవాబు ముందే తెలిసిన ప్రశ్నతో మొదలుపెట్టండి. జవాబు తెలిస్తేనే మీ పద్ధతి ఎక్కడ తప్పిందో పట్టుకోగలరు. ఉదాహరణకు ఈ ప్రశ్న తీసుకుందాం: కృత్తికలు మనకు ఎంత దూరంలో ఉన్నాయి?

కార్తిక మాసానికి పేరిచ్చిన ఈ తారాగుచ్ఛం విశాఖ ఆకాశంలో దాదాపు నడినెత్తి మీదుగా సాగుతుంది. దీని దూరం చుట్టూ ఒక పెద్ద వివాదం నడిచింది. నక్షత్రాల స్థానాలు కొలిచిన హిప్పార్కస్ ఉపగ్రహం కొలతలను 2009 నాటి పునర్విశ్లేషణ ప్రకారం తీసుకుంటే దూరం సుమారు 120 పార్సెక్‌లు (ఒక పార్సెక్ సుమారు 3.26 కాంతి సంవత్సరాలు). ఖండాల మధ్య రేడియో టెలిస్కోపులను అనుసంధానించి చేసిన కొలత 2014లో 136 పార్సెక్‌లకు పైగా చూపింది. ఇది చిన్న తేడా కాదు. 120 నిజమైతే నక్షత్రాల నమూనాలనే సవరించుకోవాల్సి వచ్చేది. తరువాత అదే పనికి మరింత కచ్చితమైన గయా ఉపగ్రహం వచ్చి 136కు దగ్గరగానే తీర్పు చెప్పింది. ఆ తీర్పును మీ చేతులతో మీరే తిరగదోడవచ్చు, ఎందుకంటే 2022 జూన్ 13న వెలువడిన గయా మూడో దత్తాంశ విడుదల అందరికీ ఉచితం.

గయా ఆర్కైవ్‌లోకి వెళ్లి రైట్ అసెన్షన్ 56.75 డిగ్రీలు, డెక్లినేషన్ 24.12 డిగ్రీలు (ఆకాశంలో స్థానం చెప్పే రేఖాంశ, అక్షాంశాల వంటివి) కేంద్రంగా 2 డిగ్రీల వృత్తంలో ఉన్న మూలాలను అడగండి. పారలాక్స్ అంటే భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల నక్షత్రం స్థానంలో కనిపించే చిన్న కోణీయ మార్పు, దాన్ని డిగ్రీలో 36 లక్షలవ వంతైన మిల్లీ ఆర్క్‌సెకన్లలో కొలుస్తారు. పారలాక్స్ 5 మిల్లీ ఆర్క్‌సెకన్లకు పైన ఉండాలనీ, పారలాక్స్ దాని దోషానికి కనీసం పది రెట్లు ఉండాలనీ నిబంధనలు పెడితే వెనుకనున్న దూరపు నక్షత్రాలు చాలావరకు రాలిపోతాయి. ఆర్‌యూడబ్ల్యూఈ అనే నిలువు వరుస 1.4 దాటిన నక్షత్రాలను కూడా పక్కన పెట్టండి. అవి జంట నక్షత్రాలు కావడం వల్లనో, మరో కారణం వల్లనో ఒంటరి నక్షత్రానికి వేసిన లెక్కలో ఇమడలేదని దాని అర్థం.

మిగిలిన పట్టికను టాప్‌క్యాట్‌లో తెరిచి, తూర్పు దిశ ప్రాపర్ మోషన్‌ను (నక్షత్రం ఆకాశంలో ఏడాదికి జరిగే కోణాన్ని) అడ్డంగా, ఉత్తర దిశ ప్రాపర్ మోషన్‌ను నిలువుగా పెట్టి గ్రాఫ్ గీయండి. ముందూ వెనుకా ఉన్న సంబంధం లేని నక్షత్రాలు తెర నిండా పలచగా చెదిరి కనిపిస్తాయి. వాటి మధ్య, ఏడాదికి +20, −45 మిల్లీ ఆర్క్‌సెకన్ల దగ్గర ఒక చిన్న ముద్ద విడిగా, చిక్కగా నిలుస్తుంది. ఒకే మేఘం నుంచి పుట్టి, ఒకే దిశలో, ఒకే వేగంతో కదులుతున్న కృత్తికల కుటుంబం అదే. మూడు నాలుగు మిల్లీ ఆర్క్‌సెకన్ల వ్యాసార్థంతో ఆ ముద్ద చుట్టూ గీత గీసి, లోపలివాటిని వేరు చేయండి. వాటి పారలాక్స్‌లతో హిస్టోగ్రామ్ వేస్తే శిఖరం సుమారు 7.37 మిల్లీ ఆర్క్‌సెకన్ల దగ్గర వస్తుంది. పారలాక్స్ ఎంత తక్కువైతే దూరం అంత ఎక్కువ కాబట్టి, 1000ని 7.37తో భాగిస్తే 135.7 పార్సెక్‌లు, అంటే సుమారు 440 కాంతి సంవత్సరాలు.

చాలామంది విద్యార్థులు ఇక్కడ ఆగిపోయి ప్రాజెక్టు అయిందనుకుంటారు. అసలు పని ఇక్కడే మొదలవుతుంది. ఆ హిస్టోగ్రామ్ వెడల్పు ఎందుకంత ఉంది? ప్రకాశవంతమైన సభ్య నక్షత్రాల్లో ఒక్కోదాని పారలాక్స్ దోషం 0.02 మిల్లీ ఆర్క్‌సెకన్ల స్థాయిలో ఉంటే, హిస్టోగ్రామ్ అంతకు చాలా రెట్లు పరుచుకుని కనిపిస్తుంది. అది కొలత దోషం కాదు, తారాగుచ్ఛానికి ఉన్న నిజమైన లోతు. కేంద్రానికి ముందూ వెనుకా మూడేసి పార్సెక్‌ల మేర నక్షత్రాలు ఉంటే, పారలాక్స్‌లో సుమారు 0.16 మిల్లీ ఆర్క్‌సెకన్ల తేడా సహజంగానే వస్తుంది. రెండో ప్రశ్న: నక్షత్రాల సంఖ్య పెంచుకుంటూ పోతే సగటు దోషం ఎంతైనా తగ్గుతుందా? తగ్గదు. గయా పారలాక్స్‌లకు సున్నా బిందువు దగ్గరే చిన్న తేడా ఉంది. పారలాక్స్ దాదాపు సున్నా కావాల్సిన అతిదూరపు క్వాసార్లతో (మిక్కిలి కాంతివంతమైన గెలాక్సీ కేంద్రాలతో) సరిచూసినప్పుడు అది సుమారు −0.017 మిల్లీ ఆర్క్‌సెకన్లని తేలింది, నక్షత్రపు ప్రకాశాన్నీ రంగునూ బట్టి కొంత మారుతుంది కూడా. కృత్తికల దూరంలో ఆ మేరకు మార్పు సుమారు 0.3 పార్సెక్‌లు. నాలుగు వందల నక్షత్రాల సగటులో గణాంక దోషం సుమారు 0.15 పార్సెక్‌లే కాబట్టి, మీ సమాధానాన్ని శాసించేది నక్షత్రాల సంఖ్య కాదు, ఆ సున్నా బిందువు. ఈ ఒక్క పేరా మీరు సొంతంగా రాయగలిగితే చాలు, ఇంటర్వ్యూలో నీళ్లు నమలాల్సిన పని ఉండదు.

సరిచూసుకోవడానికి మరో దారి కూడా ఉంది. ఆ సభ్య నక్షత్రాల రంగును అడ్డంగా, ప్రకాశాంకాన్ని (కాంతి ఎక్కువైతే ఈ అంకె తగ్గుతుంది) నిలువుగా పెట్టి గీయండి. హైడ్రోజన్‌ను ఇంధనంగా వాడుకునే నక్షత్రాల ప్రధాన శ్రేణి సన్నని పట్టీలా దిగుతుంది, దానికి కొద్దిగా పైన సమాంతరంగా మరో పలుచని గీత కనిపిస్తుంది, అవి విడదీయలేని జంటలు. మీరు కనుగొన్న దూరానికి డిస్టెన్స్ మాడ్యులస్, అంటే కనిపించే ప్రకాశాంకానికీ పది పార్సెక్‌ల దూరం నుంచి చూస్తే ఉండే ప్రకాశాంకానికీ తేడా, 5.66. దాన్ని బట్టి సూర్యుడి వంటి నక్షత్రం కృత్తికల్లో 10.3, 10.4 ప్రకాశాంకాల మధ్య కనిపించాలి. గ్రాఫ్‌లో సూర్యుడి రంగు దగ్గర శ్రేణి ఆ ఎత్తులోనే ఉందో లేదో చూడండి. ఇందులో ఒక తమాషా ఉంది. మన పెద్దలు కంటితో చూసి లెక్కపెట్టిన ఆ మెరిసే కొద్దిపాటి నక్షత్రాలే గయాకు ఇబ్బంది పెట్టేవి. మరీ ప్రకాశవంతమైన నక్షత్రాల దగ్గర దాని డిటెక్టర్లు నిండిపోయేవి కాబట్టి, దూరం చెప్పే భారమంతా కంటికి కనిపించని చిన్న నక్షత్రాల మీద పడుతుంది.

ఈ పని చేస్తున్నప్పుడు తేదీలు వేస్తూ ఒక నోటుపుస్తకం నింపండి. ఏ నిబంధన ఎందుకు పెట్టారో, దాన్ని మార్చినప్పుడు సమాధానం ఎంత మారిందో అందులో ఉండాలి. రేపు వివరణ రాయాల్సి వచ్చినప్పుడు కోడ్ కన్నా మీకు ఎక్కువ అక్కరకు వచ్చేది ఆ నోటుపుస్తకమే.

నక్షత్రాల ప్రకాశంలో మార్పుల మీద ఆసక్తి ఉంటే టెస్ ఉపగ్రహపు కాంతి వక్రాలు (కాలంతో ప్రకాశం ఎలా మారిందో చూపే గ్రాఫులు), ఎక్స్-రే మీద ఉంటే 2015 సెప్టెంబరు 28న ఇస్రో ప్రయోగించిన ఆస్ట్రోశాట్ దత్తాంశం ఇలాగే ఉచితంగా దొరుకుతాయి. జీఎంఆర్‌టీ ముడి దత్తాంశం కూడా దొరుకుతుంది గానీ, దానికి పెద్ద డిస్కు, ఓపిక, చేయి పట్టి నడిపించే మనిషి కావాలి. తొలి ప్రాజెక్టుకు వద్దు.

నాలుగో మెట్టు: మార్గదర్శకుడిని వెతుక్కోవడం

మీ విభాగంలో ఖగోళ భౌతిక శాస్త్రవేత్త లేకపోవచ్చు, అది అడ్డంకి కాదు. స్పెక్ట్రోస్కోపీ, న్యూక్లియర్ ఫిజిక్స్, వాతావరణ భౌతికం, ఎలక్ట్రానిక్స్ చెప్పే అధ్యాపకులలో, దోష విశ్లేషణను పట్టించుకుని రికార్డును ఎర్రసిరాతో దిద్దే వారెవరో మీకు తెలిసే ఉంటుంది. వారి దగ్గరకు వెళ్లండి. "సార్, నాకు ఆస్ట్రోఫిజిక్స్ ప్రాజెక్టు ఇప్పించండి" అని అడగడం కన్నా, పైన చెప్పిన హిస్టోగ్రామ్‌ను చేతిలో పట్టుకుని "సార్, ఈ వెడల్పు కొలత దోషం కాదని నాకు అనిపిస్తోంది, మీరు ఒకసారి చూస్తారా" అని అడగండి. వారు మీ చేత నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టుగా దాన్నే చేయిస్తే, సిఫారసు లేఖలో మీ పని గురించి రాయడానికి వారికి కళ్లారా చూసిన విషయాలు ఉంటాయి.

బయటి శాస్త్రవేత్తలకు ఈమెయిల్ రాసేటప్పుడు పది వాక్యాలు దాటకండి. వారి పత్రం ఒకటి చదివి, అందులో మీకు అర్థమైన ఒక విషయం, అర్థం కాని ఒక విషయం రాయండి, మీ పని ఫలితం ఒక గ్రాఫ్‌గా జత చేయండి. ఒకే మెయిల్‌ను యాభై మందికి పంపితే అది అలాంటిదేనని చదివేవారికి మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది.

బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, మరో రెండు జాతీయ విజ్ఞాన అకాడమీలతో కలిసి ఏటా వేసవి పరిశోధనా ఫెలోషిప్‌లు ఇస్తుంది. వాటి దరఖాస్తులు సాధారణంగా దసరా, దీపావళి ప్రాంతంలో తెరుచుకుంటాయి కాబట్టి, మొదటి సంవత్సరంలోనే ఆ సమయానికి చేతిలో ఒక గ్రాఫ్ ఉండేలా చూసుకోండి. పుణేలోని ఖగోళ పరిశోధనా కేంద్రం ఐయూకా కూడా విద్యార్థులకు సెలవుల్లో కార్యక్రమం నడుపుతుంది.

ఐదో మెట్టు: పరీక్షలు

పీహెచ్‌డీ ప్రవేశానికి ఉపయోగపడే జాతీయ స్థాయి పరీక్షలు జెస్ట్, గేట్, సీఎస్ఐఆర్ నెట్. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్, అహ్మదాబాద్‌లోని పీఆర్ఎల్, నైనితాల్‌లోని ఏరీస్, పుణేలోని ఐయూకా, ఎన్‌సీఆర్‌ఏ వంటి సంస్థల తలుపులు చాలావరకు ఈ పరీక్షల ద్వారానో, ఆ సంస్థలు సొంతంగా పెట్టే పరీక్షల ద్వారానో తెరుచుకుంటాయి. ఏ ఏడు ఏ పరీక్షను అంగీకరిస్తారో ఆయా సంస్థల ప్రకటనలోనే చూసుకోవాలి. గేట్, జెస్ట్ సంవత్సరారంభంలో జరుగుతాయి కాబట్టి ప్రాజెక్టు లెక్కలను మూడో సెమిస్టర్ ముగిసేలోగా ఒక కొలిక్కి తేవడం మంచిది. పరీక్ష మిమ్మల్ని ఇంటర్వ్యూ గది గుమ్మం దాకా చేరుస్తుంది, లోపల అడిగేది మాత్రం మీరు చేసిన పని గురించీ, దాని అడుగునున్న ప్రాథమిక భౌతిక శాస్త్రం గురించీ.

ఆరో మెట్టు: రాయడం

విద్యా నేపథ్యాన్ని రెండు పేరాలకు మించి సాగదీయకండి. డిగ్రీ, విశ్వవిద్యాలయం, సంవత్సరం, గ్రేడు ఏ కొలమానం మీద ఇచ్చారన్నది మొదటి రెండు వాక్యాల్లో ముగించి, తరువాత మొదటి మెట్టులో మీరు తయారు చేసుకున్న కాగితంలోంచి బలమైన రెండు మూడు అంశాలనే ఎంచుకోండి. ఒక సెమిస్టర్‌లో మార్కులు తగ్గి ఉంటే కారణం ఒక్క వాక్యంలో చెప్పండి, సానుభూతి కోసం రాసినట్టు ఉండకూడదు. తరువాతి సెమిస్టర్‌లో అదే విషయంలో పుంజుకుని ఉంటే ఆ సంగతి పక్కనే ఉంచండి.

పరిశోధనానుభవం ఎలా రాయాలో చూడటానికి రెండు వాక్యాలు పోల్చండి. "గయా దత్తాంశాన్ని ఉపయోగించి తారాగుచ్ఛాలపై లోతైన అధ్యయనం చేశాను" అన్న మొదటి వాక్యాన్ని ఎవరైనా రాయవచ్చు. రెండోది ఇలా ఉంటుంది: "గయా మూడో విడుదలలోని ప్రాపర్ మోషన్‌ల ఆధారంగా కృత్తికల సభ్య నక్షత్రాలను వేరు చేసి, వాటి సగటు పారలాక్స్ నుంచి దూరాన్ని సుమారు 136 పార్సెక్‌లుగా లెక్కించాను, పారలాక్స్‌ల విస్తృతిలో ఎక్కువ భాగం గుచ్ఛపు లోతు వల్ల వచ్చినదనీ, తుది దోషాన్ని సున్నా బిందువు తేడాయే శాసిస్తున్నదనీ చూపాను." రెండోది రాసిన మనిషి ఆ పని చేశాడని నమ్మడానికి ఇంకే ధ్రువపత్రమూ అక్కరలేదు. ఇందులో కొత్త ఆవిష్కరణ లేదని సిగ్గుపడనక్కరలేదు, ఉన్నట్టు నటించడమే ప్రమాదం.

అధ్యాపకుడు చెప్పినది, మిత్రుడు రాసి ఇచ్చిన కోడ్, మీరు చేసినది విడివిడిగా పేర్కొనండి. నిజాయితీ కోసమే కాదు, ఇంటర్వ్యూలో ప్రతి వాక్యం మీదా ప్రశ్న వస్తుంది కాబట్టి కూడా. చేయని పని ఒక్కటి ఇరికిస్తే మిగతావన్నీ అనుమానంలో పడతాయి.

ఊరి గురించి రాయాలా వద్దా అని కొందరు అడుగుతారు. పోర్టు, కర్మాగారాల వెలుతురూ, సముద్రపు తేమా ఉన్న ఈ ఆకాశం కింద ఎలా నెగ్గుకొచ్చారో చెప్పుకుని జాలి పొందాలనుకుంటే వద్దు. కానీ గొడే వెంకట జగ్గారావు 1840లో ఈ ఊళ్లోనే సొంత వేధశాల కట్టించుకున్నారనీ, ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు 1874లో ఇక్కడి నుంచే శుక్రగ్రహం సూర్యబింబాన్ని దాటడాన్ని పరిశీలించారనీ తెలిసి ఉండటం మంచిదే. ఆ వేధశాల ఉండిన డాబాగార్డెన్స్ మీదుగా రోజూ తిరిగే వారిలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో! ఆ చరిత్రకూ మీ పనికీ నిజమైన సంబంధం ఉంటేనే దరఖాస్తులోకి తీసుకురండి, లేకపోతే కాఫీ దగ్గర చెప్పుకోవడానికి ఉంచుకోండి.

ఏడో మెట్టు: పంపే ముందు

రాసినదాన్ని ఖగోళ శాస్త్రం తెలియని ఒక ఫిజిక్స్ మిత్రుడికి ఇచ్చి, ప్రతి సంఖ్య దగ్గరా "ఇది ఎలా వచ్చింది" అని అడగమనండి. జవాబు చెప్పలేని సంఖ్య ఏదైనా ఉంటే నోటుపుస్తకం తెరిచి లెక్కను మళ్లీ చేయండి, కుదరకపోతే ఆ వాక్యాన్ని తీసేయండి. కోడ్, గ్రాఫులు, వాడిన నిబంధనలు ఒకే ఫోల్డర్‌లో పెట్టి, మరో కంప్యూటర్‌లో మొదటి నుంచి నడిపి అదే సమాధానం వస్తుందో లేదో చూడండి. గయా దత్తాంశాన్ని వాడినందుకు ఆ ప్రాజెక్టు కోరే కృతజ్ఞతా వాక్యాన్ని నివేదికలో చేర్చండి. సిఫారసు లేఖ ఇచ్చే అధ్యాపకులకు గడువుకు కనీసం మూడు వారాల ముందే తుది నివేదిక, దరఖాస్తు ప్రతి, సంస్థల పేర్లు, గడువు తేదీలు ఒకే మెయిల్‌లో పంపి, వారం తరువాత ఒకసారి స్వయంగా వెళ్లి గుర్తు చేయండి.